ఖిల్లా మీద రోకటి చప్పుడు

రామగిరి ఖిల్లాకు పిల్లలను తీసుకుపోవాలంటే సెంటినరీ కాలనీ రాజాన్ని పిలవాలని ఆ చుట్టుపక్కల బడులన్నింటికీ తెలుసు. అతను చరిత్ర చదువుకున్నవాడు కాదు, ఏ సర్కారు శాఖలోనూ పని చేసినవాడూ కాదు. బొగ్గు బాయిలో టబ్బులను పైకి లాగే హాలర్ యంత్రం నడిపి రిటైరైన మనిషి. ఒక చలికాలం పొద్దున నడక కోసమని గుట్ట ఎక్కినప్పుడు, పెద్దపల్లి నుంచి వచ్చిన బడి ఒకటి పైన కనబడింది. వెంట వచ్చిన సారు కాగితం చూసి రాజుల పేర్లు చదువుతున్నాడు. పిల్లలు కోతుల మీద రాళ్ళు విసురుతున్నారు. రాజానికి ప్రాణం ఆగలేదు. బురుజు పక్కన చతికిలబడి, "గిక్కడనే ఒక రాణి నిలబడ్డది" అన్నాడు. పిల్లల చేతుల్లోని రాళ్ళు కింద పడ్డాయి. ఆ రోజు నుంచి ఫోన్లు రావడం మొదలైంది.

కథ చెప్పడం అతనికి కొత్త కాదు. బాయి మీద హాజరు మస్టర్ పడ్డాక, దిగేదాకా దొరికే ఆ కాసేపు కూలివాళ్ళంతా అతని చుట్టే చేరేవారు. "ఇంత చెప్పరాదే రాజన్నా" అనేవారు. దిగే వేళైనా అడుగులు మెల్లగా పడేవి. లోపలి చీకటిలోకి పోతూ కూడా, నిన్న ఆగిన దగ్గర్నుంచి చెప్పమని అడిగేవారు. హాలర్ మోత పక్కన ఇన్నేళ్ళు నిలబడటంతో చెవులు కొంచెం మందగించాయి గానీ గొంతు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

అతని కథల్లో అన్నింటికంటే పేరు తెచ్చింది రోకళ్ళ రాణి కథ. ఖిల్లా పైన ఒకచోట బండలో గుండ్రటి గుంతలు ఉన్నాయి. అక్కడికి రాగానే రాజం ఆగుతాడు. శత్రువులు గుట్టను చుట్టుముట్టారు. పైన తిండిగింజలు అయిపోయాయి. ఆ సంగతి కిందివాళ్ళకు తెలిస్తే ఇంకో వారం కూర్చుంటారు, ఖిల్లా వాళ్ళదవుతుంది. అప్పుడు రాణి ఆడవాళ్ళందరినీ పిలిచి, రోజూ తెల్లవారుజామున ఈ గుంతల్లో ఉత్త రోకళ్ళు వేసి దంచమన్నది. కింద డేరాల్లో ఉన్నవాళ్ళకు ఆ చప్పుడు వినబడి, 'అమ్మో, వీళ్ళకు ఇంకా దంచుకునేటంత వడ్లున్నాయి' అనుకున్నారు. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు ఒక్కరూ కదలరు. ఎంత అల్లరి క్లాసైనా సరే.

గోదావరిఖని సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్పే సంధ్యారాణి మేడం కూడా ఆ పేరు వినే ఫోన్ చేసింది. ఆమెది పెద్దపల్లి. పిల్లలను తీసుకొచ్చి, పులిహోర తినిపించి, ఫోటో దిగి పోయే రకం కాదు. వచ్చే ముందే క్లాసులో చెప్పి, పిల్లలను జట్లు చేసి, ఒక జట్టు నీళ్ళ సంగతి, ఇంకో జట్టు గోడల సంగతి, మరో జట్టు తిండి సంగతి చూసి రావాలని పని పెట్టింది.

"మా పిల్లలు మస్తు ప్రశ్నలడుగుతరు కాకా. మీరు ఏమనుకోవద్దు" అన్నది.

"అడుగనియ్యి మేడం. అడిగెటోడుంటెనే చెప్పెటోనికి ఊపొస్తది" అన్నాడు రాజం.

ఎనిమిదో తరగతి వచ్చింది. రాజం తువ్వాల తలకు చుట్టి ముందు నడిచాడు. దర్వాజాలు దాటించాడు, బురుజులు చూపించాడు, కొలను దగ్గర నీళ్ళు తాగించాడు. చివరకు గుంతల దగ్గరకు వచ్చి, చేయి పైకెత్తి మొదలుపెట్టాడు.

"ఆ రాణి పేరు రత్నాంగి. ఏడాది పొద్దు గుట్ట కింద శత్రువులు కూసున్నరు..."

కథ ఉత్త రోకళ్ళు దంచే దాకా వచ్చేసరికి ఒక అమ్మాయి చేయి ఎత్తింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంజనీరు రాంప్రసాద్ కూతురు, పేరు మైత్రి. నెమ్మదిగా మాట్లాడే పిల్ల.

"తాతయ్యా, మా అన్నయ్య వాళ్ళ క్లాసు వచ్చినప్పుడు రాణి పేరు చంద్రవ్వ అని చెప్పారు. మా ఇంట్లో వీడియో ఉంది. అందులో శత్రువులు మూడు నెలలే ఉన్నారు."

రాజం ఎత్తిన చేయి దించాడు.

"రాణి ఆధార్ కార్డుల పేరు మార్పిచ్చుకున్నదేమో" అన్నాడు వెనక నుంచి రుత్విక్ అనే పిల్లవాడు.

క్లాసంతా నవ్వింది. రాజం కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి. సంధ్యారాణి పిల్లలను ఊరుకోమని, "మంచి ప్రశ్ననే అడిగినవు మైత్రీ. ఒకే ముచ్చట రెండు తీర్ల ఎందుకుంటదో ఆలోచించుండ్రి" అన్నది. ఆ మాట అతన్ని నవ్వుకంటే ఎక్కువ పొడిచింది. తువ్వాల విప్పి దులుపుకున్నాడు.

"పానం జర బాగలేదు మేడం. మీరు సూసుకోండ్రి" అని, ఆమె పిలుస్తున్నా ఆగకుండా గుట్ట దిగిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య సారవ్వ వాకిట్లో కూర్చుని గోంగూర తెంపుతున్నది.

"అప్పుడే దిగినవేంది?"

అతను జరిగింది చెప్పాడు. ఆమె గోంగూర పక్కన పెట్టి మరీ నవ్వింది.

"పోరి మంచిగ పట్టింది."

"నువ్వు గూడ నవ్వుడేనా?"

"మరేం జెయ్యాలె? పెండ్లైన కొత్తల నాకు చెప్పిన పులి కత గట్లనే గదా. ఒకసారి ఆడపులి, ఒకసారి మొగపులి. నేను అడుగలే, ఆ పిల్ల అడిగింది."

రాజం ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఏ బడి ఫోన్ చేసినా మోకాలు నొప్పి అన్నాడు. పొద్దుటి నడక కూడా దారి మార్చి కాలనీ గ్రౌండు వైపు పెట్టుకున్నాడు. కానీ ఆ ఊళ్ళో ఏ వీధి మలుపు తిరిగినా గుట్ట కనబడుతుంది. చూడకుండా ఉండాలంటే తల వంచుకునే నడవాలి. తల వంచుకుని నడిచే మనిషి కాడు అతను. అందుకని కొన్నాళ్ళకు నడకే మానేశాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఛానెళ్ళు మార్చి మార్చి, సారవ్వతో తిట్లు తిన్నాడు.

ఒక ఆదివారం సంధ్యారాణి ఇంటికి వచ్చింది. వెంట మైత్రి, రుత్విక్. బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వచ్చారట. వాళ్ళు మాఫీ అడగడానికే వచ్చి ఉంటారని రాజం అనుకున్నాడు. దానికి తగ్గట్టు ముఖం గంభీరంగా పెట్టుకుని, కుర్చీలు వేశాడు.

మైత్రి కూర్చోకుండానే అడిగింది. "తాతయ్యా, తర్వాత ఏమైందో మీరు చెప్పలేదు."

"దేని తర్వాత?"

"రోకళ్ళు దంచిన తర్వాత. శత్రువులు వెళ్ళిపోయారా, లేదా?"

"వీడియోల ఉండెగదా బిడ్డా."

"మధ్యలో ఫోన్ చార్జింగ్ అయిపోయింది. అన్నయ్యకు గుర్తు లేదు."

సంధ్యారాణి నవ్వింది. "క్లాసుల లొల్లి ఆగుతలేదు కాకా. సగం మంది అవి రోళ్ళే అంటరు. సగం మంది డేరా కట్టెలు పాతిన గుంతలు అంటరు. వీడేమో ఆఖరుకు రాణి డ్రోను ఎగరేసిందని రాసిండు. మీరు దిగిపోయినంక నాకు మనసున పట్టలేదు. మీ ముచ్చట నేను అందరి ముందట అట్ల విప్పకుండ ఉండాల్సింది."

"మీ తప్పేం లేదు మేడం. అబద్ధమని తేలినంక ఆఖరుతోని ఏం పని?"

మైత్రి కొంచెంసేపు ఆలోచించింది. ఆ పిల్ల ఆలోచిస్తున్నంతసేపూ ఎందుకో రాజానికి భయంగానే ఉంది.

"నేను అబద్ధం అనలేదు తాతయ్యా. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రాణి పేరు మారింది. శత్రువులు ఉన్న రోజులు మారాయి. ఏనుగులు వీడియోలో ఉన్నాయి, మాకు చెప్పినదాంట్లో లేవు. కానీ ఖాళీ రోట్లో దంచడం మాత్రం మారలేదు. అది మీరు ఎక్కడ విన్నారు?"

సారవ్వ చాయ్ పళ్ళెంతో తలుపు దగ్గర ఆగింది. రాజం చేతుల వంక చూసుకున్నాడు. ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పాడు గానీ ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. తనకు తాను కూడా వేసుకోలేదు.

"మా అవ్వ దంచింది" అన్నాడు కొసకు.

 అతనే మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. ఈసారి చేయి పైకి లేవలేదు, గొంతు పెంచలేదు.

"నా చిన్నప్పుడు పెద్ద కరువొచ్చింది. మా నాయిన పనికని గోదావరిఖని దిక్కు పోయిండు, ఇంక బాయిల పని దొరకలే. ఇంట్ల గింజ లేదు. పొద్దుమూకితే వాడకట్టంత జొన్నలు దంచుడే. ఏ ఇంట్ల సప్పుడు రాకుంటె ఆ ఇంట్ల పొయ్యి లేదని అందరికి తెలుస్తది. నన్ను కన్న మా అవ్వ రోజు రోలు ముందట కూసునేది. ఉత్తగ దంచితె సప్పుడు వేరే ఉంటది, పక్కింటోళ్ళు పసిగడతరు. అందుకని గుప్పెడు ఊక పోసేది. ఆ ఊకనే దంచి, ఎత్తి, మల్ల రేపటికి దాసిపెట్టేది. ఏం దంచుతున్నవే అవ్వా అని అడిగిన ఒకపారి. రేపటి బువ్వ బిడ్డా అన్నది."

"తర్వాత?" అన్నాడు రుత్విక్.

"తర్వాతేముంది. నాయినకు పని దొరికింది. గింజలొచ్చినయి. అవ్వ ఆ ముచ్చట మల్ల ఎన్నడు ఎత్తలే."

సారవ్వ పళ్ళెం కింద పెట్టింది. "ఇన్నేండ్ల కాపురంల నాకు గూడ చెప్పలేదేంది?"

"అవ్వ ఇజ్జత్ గదనే. ఆమె దాసుకున్నదాన్ని నేనెట్ల బయటేస్త?" రాజం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గుట్ట మీద ఆ గుంతలు సూడంగనే మనసుకొచ్చింది. రాణి మీదేసి చెప్పిన. రాణికైతే ఆకలి గూడ గొప్పగనే కనవడ్తది."

"ఆమె పేరేంది కాకా?" అని అడిగింది సంధ్యారాణి.

"బుచ్చవ్వ."

చాయ్ చల్లారిపోతున్నదని సారవ్వ అందరికీ గ్లాసులు అందించింది. మైత్రి గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, తాగలేదు. అందరిలోకీ ముందు తేరుకున్నది రుత్విక్.

"తాతా, గుట్ట మీద దంచితె నిజంగ కిందికి ఇనవడ్తదా?"

రాజం తల ఎత్తాడు. అది కూడా అతనికి ఎన్నడూ తట్టలేదు. ఇన్నేళ్ళ నుంచి గుట్ట మీది చప్పుడును కిందికి పంపిస్తున్నాడు గానీ, అది చేరుతుందో లేదో చూడలేదు.

"దంచి సూస్తె తెలుస్తది గదా" అన్నాడు.

సంధ్యారాణి కళ్ళు మెరిశాయి. "దంచుదాం కాకా. రోకలి ఉన్నదా?"

"ఉన్నది, అటక మీద" అన్నది సారవ్వ. "కానీ నా రోకలి పోరగాండ్ల చేతిలకియ్య. నేనే వస్త."

గుట్ట పక్కనే ఇన్నేళ్ళు కాపురం చేసినా సారవ్వ ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. మొగుడు రోజూ ఎక్కి దిగేదానికి తానెందుకు అనేది. అటువంటిది క్లాసంతా మళ్ళీ వచ్చిన రోజున అందరికంటే ముందు తయారై, సంచిలో సద్ది కట్టుకుని, బస్సు రాకముందే రోడ్డు మీదకు వచ్చి నిలబడింది. రోకలిని పిల్లలు వంతులవారీగా భుజాన మోశారు. మొయ్యని చోటల్లా దాన్ని గదలా పట్టుకుని ఫోటోలు దిగారు.

పిల్లలను రెండు జట్లు చేశారు. సంధ్యారాణి, సారవ్వ, రుత్విక్ సగం మందిని తీసుకుని పైకి పోయారు. రాజం, పీఈటీ సారు, మైత్రి మిగతావాళ్ళతో గుట్ట కింద నిలబడ్డారు. చప్పుడు వినబడితే అరవకుండా ఎవరికి వాళ్ళే చేయి ఎత్తాలి, పక్కవాళ్ళను చూసి ఎత్తకూడదని మేడం షరతు.

పై నుంచి రుత్విక్ ఫోన్ చేశాడు. "తాతా, అవ్వ గుంతలన్ని తడిమి సూస్తున్నది. గీ పెద్దది రోలే కావచ్చట, లోపల నున్నగ ఉన్నదట. సిన్నయి మాత్రం రోళ్ళు కావంటున్నది. రోకలి దూర్తలేదు."

"డేరా కట్టెల జట్టు గెలిచిందా?" అని అడిగింది మైత్రి.

"సగం గెలిచిండ్రు. మొదలు పెట్టమన్నరా?"

మొదలుపెట్టారు. కింద ఉన్నవాళ్ళు ఊపిరి బిగపట్టారు. ఏమీ వినబడలేదు. ఓపెన్ కాస్టు బొగ్గు గని దిక్కు నుంచి డంపర్లు మట్టి ఎత్తిపోస్తున్న మోత గాలి నిండా ఉంది. దాని మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. ఇంకొంచెం పైకి, మొదటి దర్వాజా దాకా ఎక్కి చూశారు. అక్కడా అదే మోత.

"అప్పట్లో డంపర్లు లేవు కదా తాతయ్యా. ఇది సరైన పరీక్ష కాదు" అన్నది మైత్రి దిగులుగా.

రాజం ఎండ వంక చూశాడు, తర్వాత ఓపెన్ కాస్టు దిక్కు చూశాడు. ఒక వయసంతా షిఫ్టుల లెక్కన బతికిన మనిషి.

"జర సేపు ఆగుదాం. షిఫ్టు మారే యాళ్ళకు బండ్లు ఆగుతయి. ఒకలు దిగాలె, ఒకలు ఎక్కాలె. ఆ సందుల ఇందాం."

దర్వాజా నీడలో కూర్చున్నారు. పిల్లలు పల్లీలు తిన్నారు. పీఈటీ సారు కునికాడు. ఎండ కొంచెం వాలాక, ఎవరో దుప్పటి లాగినట్టు, దూరపు మోత ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చింది. అంతసేపూ అక్కడే ఉన్న పిట్టల కూతలు అప్పుడు చెవిన పడ్డాయి. రాజం ఫోన్ చేసి, "ఇగ దంచుండ్రి" అన్నాడు.

ముందుగా ఒక అమ్మాయి చేయి ఎత్తింది. తర్వాత ఇంకొకరు. కొద్దిసేపట్లో అందరి చేతులూ లేచాయి. అరవకూడదన్న షరతు మరిచిపోకుండా, నోళ్ళు మూసుకునే నవ్వుతున్నారు.

రాజం చెవి వెనక అరచేయి పెట్టుకున్నాడు. పిట్టలు కూడా అతనికి మసకగానే వినబడుతున్నాయి. రోకలి చప్పుడు అసలే లేదు. ఇంకో చెవి తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. హాలర్ ఎప్పుడో తీసుకుపోయిన చెవులవి, ఈ ఒక్కసారికి తిరిగి వస్తాయా?

మైత్రి అతని ముఖాన్నే చూస్తున్నది. ఏమీ అడగలేదు. దగ్గరకు వచ్చి, అతని చేయి తీసుకుని, అరచేతిలో వేలితో కొట్టడం మొదలుపెట్టింది. పైన పడిన దెబ్బ పడినట్టే. రెండు దెబ్బలు, చిన్న ఆగుడు. మళ్ళీ రెండు దెబ్బలు, చిన్న ఆగుడు.

సారవ్వ దంపుడు అదే. రోకలి చేయి మార్చుకునే దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. పిండి గిర్నీలు రాకముందు ఎన్నో తెల్లవారుజాములు అతను ఆ చప్పుడుకే లేచి డ్యూటీకి పోయాడు. అరచేతిలో అది పడుతుంటే రాజం కదలకుండా నిలబడ్డాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారినా తుడుచుకోలేదు, ఆ చేయి ఖాళీగా లేదు కదా.

డంపర్లు మళ్ళీ లేచాయి. మైత్రి వేలు ఆగింది.

"ఇప్పుడు వినబడటం లేదు తాతయ్యా."

"సాలు బిడ్డా" అన్నాడు.

పైకి ఎక్కేసరికి సారవ్వ గోడ నీడలో కాళ్ళు చాపుకుని, చుట్టూ పిల్లలతో దొరసానిలా కూర్చుని ఉంది. చేతులు బొబ్బలెక్కాయని ఒకవైపు అంటూనే, కింద కాలనీలో తన ఇల్లు ఏదో, అక్కడి నుంచి కనబడే రామగుండం కరెంటు పొగగొట్టాలు ఎన్నో వాళ్ళతో లెక్కపెట్టిస్తున్నది.

"ఇంత మంచిగుంటదని ఎన్నడు చెప్పలేదేందయ్యా" అన్నది మొగుణ్ణి చూసి.

"రోజు చెప్పిన. నువ్వే నమ్మలే."

అందరూ చుట్టూ చేరాక రాజం పెద్ద గుంత పక్కన చతికిలబడ్డాడు. తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

"ఇనుండ్రి. ఇది కత. నేను కట్టిన కత, ఏ రాతి మీద లేదు. గుంత నిజం, సప్పుడు దర్వాజా దాక వస్తది, అది గూడ నిజం, మీరే ఇన్నరు. మిగిలినదంత నాది. రాణి పేరు బుచ్చవ్వ."

బుచ్చవ్వ అనే రాణి ఉండటం పిల్లలకు మహా బాగా నచ్చింది, పకపకా నవ్వారు. మైత్రి, రుత్విక్ నవ్వలేదు. రాజం చెప్పాడు. శత్రువులు చప్పుడు విని మోసపోయారని ఇన్నేళ్ళూ చెప్పిన ముగింపు నాలుక చివరి దాకా వచ్చి, ఎందుకో అక్కడే ఆగింది.  దానికి బదులు, కింద డేరాల్లో పడుకున్న సిపాయిలకు తెల్లవారుజామున ఆ చప్పుడు వినబడిందని చెప్పాడు. మొదట గింజలు ఎన్నున్నాయోనని లెక్కలు వేశారట. రోజులు గడిచే కొద్దీ లెక్కలు మరిచిపోయారట. ఒకనికి వాళ్ళ ఊళ్ళో అవ్వ గుర్తుకొచ్చింది. ఇంకొకనికి పెళ్ళాం గుర్తుకొచ్చింది. ఒకడు చెప్పులు చేతబట్టుకుని చీకట్లోనే ఊరి దారి పట్టాడు. మర్నాడు ఇద్దరు, ఆ మర్నాడు పది మంది. కొన్నాళ్ళకు కింద సేనాపతీ, వాని గుర్రమూ మిగిలారు. గుర్రానికి కూడా ఇంటి మీద గాలి మళ్ళిందట.

పిల్లలు పెద్దగా నవ్వారు. సంధ్యారాణి చెంపకు చేయి ఆనించుకుని వింటున్నది.  కథ అయిపోగానే లేచి, వచ్చే నెల తొమ్మిదో తరగతిని కూడా తీసుకొస్తాననీ, ఆ వారం ఖాళీ పెట్టుకొమ్మనీ అన్నది. మోకాలు నొప్పి సంగతి రాజానికి గుర్తే రాలేదు.

సారవ్వ సద్ది విప్పింది. పచ్చిపులుసు, అన్నం. అందరూ తినడానికి కూర్చుంటుండగా, రుత్విక్ చిన్న గుంతల దగ్గర బోర్లా పడుకుని లోపలికి చూస్తున్నాడు. నాలుగు గుంతలు ఒకే వరసలో ఉన్నాయనీ, ఐదోది మాత్రం పక్కకు జరిగి ఉందనీ, డేరా అయితే అట్లా ఎందుకు ఉంటుందనీ అడిగాడు. మైత్రి పోయి చూసి, ఐదో గుంత నుంచి గోడ దాకా సన్నటి గాడి ఉందన్నది.

"తాతా, ఇదేంది?"

రాజానికి అలవాటు కొద్దీ ఒక జవాబు గొంతులోకి వచ్చింది. మంచి జవాబే, దాంట్లో ఒక గుర్రం కూడా ఉంది. దాన్ని అక్కడే ఆపుకున్నాడు.

"నాకు తెల్వది" అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఎవరూ నవ్వలేదు. పిల్లలు చేతులతో గాడిలోని మట్టి తీస్తున్నారు. రాజం కూడా చొక్కా చేతులు పైకి మడుచుకుని వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అన్నం తిని సూడరాదా" అని సారవ్వ పిలుస్తూనే ఉంది. అతను వస్తున్నానన్నట్టు చేయి ఊపి, గాడి ఎటు తిరిగిందో చూడటానికి ఇంకొంచెం ముందుకు వంగాడు.